రివెట్లు కొట్టని లైనరు

నా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బ్రేకు లైనరు ముక్కలు రెండున్నాయి. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండవు. వాటిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. షెడ్డు మారినప్పుడు మోశాను, ఇల్లు మారినప్పుడు మోశాను, చివరికి షెడ్డే మూసేసి పానాలు, జాకీలు అన్నీ పాత ఇనుం కొనేవాడికి ఇచ్చేసిన రోజున కూడా ఆ డబ్బా మాత్రం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. అందులో ఏముందని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. మేకులన్నాను.

మేకులు కావు. ఏమిటో మీకు చెబుతాను. మీకే ఎందుకంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. నేనెవరో మీకూ తెలియనక్కర్లేదు. పలాసలో చాలా ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపిన మనిషిని, అంతవరకు చాలు. తెలిసినవాళ్ల ముందు ఈ మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిసారీ టీతో పాటు మింగేశాను. చెబితే ఏమవుతుంది? ఇప్పుడు నన్నెవరూ జైల్లో పెట్టరు. షెడ్డు లేదు కాబట్టి గిరాకీ పోయేదీ లేదు. అయినా చెప్పలేదు. భయపడ్డానా, సిగ్గుపడ్డానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండూ ఒకటేనేమో అని ఈ మధ్య అనిపిస్తోంది.

ఉద్దానంలో కూర్మినాయుడు గారని ఒక కొబ్బరి రైతు ఉండేవారు. మేమంతా నాయుడుబావు అనేవాళ్లం. ఆయన దగ్గర ఒక పాత పికప్పు బండి ఉండేది. వాళ్ల నాన్నగారు విశాఖపట్నం వేలంలో కొన్నారట. అమెరికా బండి, మనకి స్వతంత్రం వచ్చిన కొత్తలోది. ముందు పొడుగాటి ముక్కు, గుడ్లు మిటకరించినట్టు రెండు లైట్లు, వెనకాల చెక్కలు పరిచిన తొట్టి. ఊళ్లో దాన్ని ముక్కుబండి అనేవారు. నేను చెప్పేది పలాస బజార్లో ఎస్టీడీ బూతుల ముందు జనం వరసలు కట్టే రోజుల మాట. అలాంటి బండి అప్పటికే జిల్లాలో ఇంకొకటి ఉండేది కాదు.

నాయుడుబావుకి ఒక పంతం. బండి నడవాలి, కొబ్బరికాయలు మొయ్యాలి, జీడిపిక్కలు మొయ్యాలి, కాని దాంతో పుట్టిన సామానే దాంట్లో ఉండాలి. ఒరిజినల్ అనే మాట ఆయన నోట్లో వరిజనలు అయ్యేది. ఇంజను పీకేసి డీజిల్ ఇంజను వేయించుకోమని ఎంతమంది చెప్పారో లెక్కలేదు. "మా నాయనకి పళ్లూడిపోతే పళ్లు కట్టించినాను గాని, నాయన్ని మార్చీనేదు కదేటి?" అని నవ్వేవారు.

ఆ పంతానికి సరిపడ్డ మెకానిక్కు దొరికాడు. అది నేను. గంతకు తగ్గ బొంత అన్నమాట. కార్బురేటరు సూది అరిగిపోతే ఇత్తడి కడ్డీ తెచ్చి లేత్ మీద సూది తీయించాను. రేడియేటరు కారితే పాతదానికే టంకం పెట్టి పెట్టి నిలబెట్టాను. తలుపు గడియ స్ప్రింగు విరిగితే అదే ముక్కని కొలిమిలో కాల్చి మళ్లీ చుట్టించాను. కొత్త సామాను వెయ్యడం చేతకానివాడి పని అని నా నమ్మకం. నమ్మి ఊరుకున్నానా? కనబడిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. టెక్కలి నుంచి, సోంపేట నుంచి లారీవాళ్లు ఆ బండిని చూడ్డానికి నా షెడ్డు ముందు ఆగేవారు. నేను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఒక్క బోల్టు మారలేదు చూడండి అనేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

మా షెడ్లలో ఒక ఆచారం ఉంది. ఏ సామాను మార్చినా, తీసేసిన పాతదాన్ని పేపర్లో చుట్టి సొంతదారు చేతిలో పెట్టాలి. నిజంగా మార్చామనడానికి అదే సాక్ష్యం. చాలామంది షెడ్డు దాటగానే దాన్ని తుప్పల్లోకి విసిరేస్తారు. నాయుడుబావు అలా కాదు. కొబ్బరికాయల కొట్టులో ఒక చెక్కపెట్టె పెట్టారు. నేనిచ్చిన ప్రతి వాషరుకీ, ప్రతి అరిగిన బేరింగుకీ దారంతో అట్టముక్క కట్టి, అది ఎక్కణ్ణుంచి తీసిందో దాని మీద రాసి, పెట్టెలో దాచేవారు. నేను ఆ బండికి చేసిన పనంతా ఆ పెట్టెలో ఉంది. లేనిది ఒకటే. అది నా బిస్కెట్ల డబ్బాలో ఉంది.

ఇక దాలయ్య గురించి చెప్పాలి. 

దాలయ్య ముక్కుబండి డ్రైవరు. సముద్రం ఒడ్డు ఊరివాడు. తాతముత్తాతల నుంచి చేపల వేటకెళ్లే కుటుంబం. వాళ్ల వీధిలో పెద్దబండ్ల లైసెన్సు తీసుకున్న మొదటి మనిషి అతనే. ఆ లైసెన్సుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో దేవుడి పటంలా తిప్పేవాడు. నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అందరికీ అందరం బావలమే. ముక్కుబండి బ్రేకు మొండిది. ఆపాల్సిన చోటుకి చాలా ముందే తొక్కాలి, మెత్తగా, రెండు విడతలుగా. ఆ లెక్క దాలయ్య కాలికి తెలుసు. ఒకసారి తొట్టి మధ్యలో కొబ్బరిబొండం నిలబెట్టి, అది దొర్లకుండా బండి ఆపితే టీ పోయిస్తానని పందెం కట్టాను. బండి ఆగింది. బొండం కదల్లేదు. నేను టీ పోయించాను. ఆ కాలు మీద నాకు అసూయ కూడా కలిగింది. ఇదంతా గుర్తుంచుకోండి. నాకు గుర్తుంది, అదే నా బాధ.

ఆ ఏడు జీడిపిక్కల సీజను ఇంకా మొదలవలేదు. బండి బ్రేకులు అరిగాయని తెచ్చారు. మీకు ఈ పని తెలియకపోవచ్చు, రెండు ముక్కల్లో చెబుతాను. చక్రం లోపల డ్రమ్ముంటుంది. బ్రేకు తొక్కితే దాన్ని అర్ధచంద్రంలాంటి ఇనుప షూ వెళ్లి పట్టుకుంటుంది. షూ మీద గట్టి పట్టీ ఒకటి ఉంటుంది, అదే లైనరు. లైనరు అరిగిపోతుంది, కొత్తది వేస్తాం. షూ మాత్రం అదే ఉంటుంది. లైనర్ని షూకి రాగి రివెట్లు కొట్టి బిగిస్తాం. ఎన్ని దశాబ్దాల నుంచి కొడుతున్నారో, ముందు ఎడమ చక్రం షూకి కన్నాలు సాగిపోయాయి. రివెట్టు కొడితే నిలవడం లేదు.

దారులు రెండున్నాయి. కన్నాలు పెద్దవి చేసి లావు రివెట్లు కొట్టడం ఒకటి. గంట పని. కాని అలా చేస్తే వరిజనలు షూ పాడైనట్టే. లేదా విశాఖపట్నం పంపి కన్నాలు పూడ్పించి మళ్లీ వేయించడం. పది రోజుల పని. ముందు రోజే టీకొట్టు దగ్గర నలుగురి ముందు అనేశాను, రేపు సాయంత్రానికల్లా ముక్కుబండి రోడ్డెక్కుతుంది, ఒక్క సామానూ చెడకుండా అని. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. పలాస గాలి పీల్చినవాడికి తప్ప ఇంకెవరికీ పుట్టని తెలివి. మా ఊళ్లో జీడిపిక్కలు కాల్చి పప్పు తీస్తారు కదా, ఆ తొక్కల నుంచి నల్లటి నూనె వస్తుంది. ఒంటి మీద పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. సముద్రం ఒడ్డువాళ్లు దాన్ని పడవల అడుక్కి పూస్తారు. ఆరిందంటే ఉలి పెట్టి గీకినా ఊడదు. దాన్ని కాచి కాచి దగ్గర పెడితే బంకలా అవుతుంది. ఆ బంకతో లైనర్ని షూకి అతికించి, బిగించి, సెగ చూపిస్తే? కన్నం ముట్టుకోనక్కర్లేదు, విశాఖ పంపనక్కర్లేదు.

ఆ నూనె ఎవరు తెచ్చారనుకున్నారు? దాలయ్య. వాళ్ల అన్నదమ్ముల పడవ కోసం ఉంచుకున్నదాంట్లోంచి ఒక డబ్బా తెచ్చాడు. తొట్టి చెక్కలకి పూస్తానని చెప్పి తెప్పించాను. చెక్కలకి పూశాను కూడా, రేపెవరైనా అడిగితే అబద్ధం కాకుండా. డబ్బా చేతికిస్తూ దాలయ్య ఒక మాట చెప్పాడు. ఇది నీళ్లకి ఎంతైనా తట్టుకుంటుంది గాని వేడికి తట్టుకోదు, ఎండాకాలం పడవ బోర్లిస్తే చేతికి అంటుకుంటుంది, కాబట్టి బండిని నీడన పెట్టి పూయమని. విన్నాను. తలూపాను.

ఇక్కడే నన్ను నేను పట్టుకోవాలి. ఎందుకంటే ఇన్నేళ్లలో నాకు నేను చాలా కథలు చెప్పుకున్నాను. అది ఊడుతుందని నాకు తెలియదనీ, మంచి ఉద్దేశంతోనే చేశాననీ, నాయుడుబావు పంతమే నన్ను అందులోకి నెట్టిందనీ, ఏ మెకానిక్కు చేతిలో ఎప్పుడూ పొరపాటు జరగలేదో చూపించమనీ, ఒక కథ పాతబడితే ఇంకో కథ. కాని వేడికి తట్టుకోదని దాలయ్య చెప్పాడు కదా? బరువుతో వస్తున్న బండిని నాలుగుసార్లు ఆపితే డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేమని నాకంటే తెలిసినవాడు పలాసలో ఎవడున్నాడు? తెలుసు. తెలిసే చేశాను. కాకపోతే ఆ తెలిసిందాన్ని ఆ సాయంత్రం వరకు పక్కన కూర్చోబెట్టాను.

జీడితొక్కల సెగ మీద షూని కాలుస్తుంటే బంక చిట్లి మణికట్టు మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పలాసలో జీడి మచ్చ లేని చెయ్యి ఉంటే వింతగా చూస్తారు గాని, ఉంటే ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు.

చల్లారాక సుత్తితో కొట్టి చూశాను. రాయిలా ఉంది. చక్రం బిగించి, అరిగిపోయిన పాత లైనర్లు పేపర్లో చుట్టి నాయుడుబావు చేతిలో పెట్టాను. రివెట్లు గట్టిగా కొట్టావా అని అడిగారు. కొట్టాను బావూ అన్నాను. మిగతా మూడు చక్రాలకి కొట్టాను కదా అని మనసులో అనుకున్నాను. చూశారా, అబద్ధం చెప్పేటప్పుడు కూడా నాకు లెక్కలు కావాలి.

మూడు వారాలు బండి బాగా నడిచింది. ఆ మూడు వారాలూ నా మీద నాకే ముద్దొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్న దాలయ్య తొట్టి నిండా కొబ్బరికాయలు వేసుకుని కాశీబుగ్గ వస్తున్నాడు. రైల్వే గేటు పడి ఉంది. గేటు ముందు సైకిళ్లు, రిక్షాలు, మనుషులు. పక్కన సూరమ్మ అని ఒక ముసలామె తట్ట పెట్టుకుని ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముకుంటోంది. దాలయ్య ఎప్పట్లాగే చాలా ముందు బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రంలో లైనరు షూ నుంచి ఊడి, విరిగి, అడ్డం పడింది. ఆ చక్రం ఒక్కటీ బిగుసుకుపోయింది. బండి ఎడమకి గిరుక్కున తిరిగి సూరమ్మ తట్ట మీదుగా వెళ్లి గేటు స్తంభానికి కొట్టుకుంది. ఆమె పక్కకి దొర్లింది. ప్రాణం పోలేదు. మోచెయ్యి విరిగింది. అతికింది గాని ఆ చెయ్యి మళ్లీ నిటారుగా చాపలేకపోయింది.

ఇదంతా నేను చూసినట్టు చెబుతున్నాను. చూడలేదు. మధ్యాహ్నం బండిని నా షెడ్డుకి లాక్కొచ్చాక ఎడమ చక్రం విప్పితే అన్నీ కనబడ్డాయి. ఆదివారం కాబట్టి షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. డ్రమ్ము తీయగానే లైనరు రెండు ముక్కలై నా కాళ్ల దగ్గర పడింది. షూ మీద బంక నల్లగా మెరుస్తోంది. వేలు పెడితే అంటుకుంది.

తేలు కుట్టిన దొంగ గురించి మీరు వినే ఉంటారు. నేను ఒక్క కేక కూడా వెయ్యలేదు. షెడ్డు రేకు తలుపు సగం దించాను. విరిగిన ముక్కలు రెండూ ఒక బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత పెట్టాను. బంక అంతా పెట్రోలు పోసి గీకాను. డ్రిల్లు పెట్టి షూ కన్నాలు పెద్దవి చేశాను. లావు రివెట్లు వేసి కొత్త లైనరు కొట్టాను. గంట కూడా పట్టలేదు. అవును, మూడు వారాల ముందు వరిజనలు పాడవుతుందని చెయ్యనన్న పనే. గేటు దగ్గర నిలబడే జనం కోసం పాడుచెయ్యడానికి చేతులు రాలేదు, నన్ను నేను కాపాడుకోవడానికి మాత్రం ఎంత బాగా వచ్చాయో. అంత శుభ్రంగా రివెట్లు నేను మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు.

సాయంత్రం నాయుడుబావు వచ్చారు. దాలయ్య ఊరి నుంచి ఇద్దరు పెద్దలొచ్చారు. పోలీసు కేసు లేకుండా మాట్లాడుకుందామని. ముక్కు సొట్టపోయినా బండి నడుస్తోంది. నేనే ఎక్కి షెడ్డు ముందు రోడ్డు మీద నడిపి చూపించాను. తొక్కగానే ఆగింది. అందరూ చూశారు. ఆ తర్వాత నాయుడుబావు బెంచీ మీద కూర్చున్నారు. దాలయ్య ఎదురుగా నిలబడ్డాడు. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. అలాగే రాస్తున్నాను.

"తొక్కినాను బావూ," అన్నాడు దాలయ్య. "జనం కనబడగానే తొక్కినాను. పెడలు బురదలోకి దిగినట్టు దిగిపోనాది. బండి దాని మటుకది ఎడంపక్కకి లాగీసింది. గంగమ్మ తల్లి తోడు."

"మరి మేస్త్రి తొక్కితే ఆగీసింది కదేటి? మనందరం సూసినాం కదా," అన్నారు నాయుడుబావు. ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"అదేటో నాకూ తెలీడం నేదు బావూ."

నాయుడుబావు నావైపు తిరిగారు. "మేస్త్రీ, నీ మాటే నాకు మాట. సక్రం ఇప్పి సూసినావు కదా. తప్పు బండిదా, మనిసిదా? ఉన్నదున్నట్టు సెప్పు."

"బండిలో నాకేటీ లోపం కనబడ్నేదు బావూ," అన్నాను.

"ఏటీ నేదా?"

"ఏటీ నేదు."

దాలయ్య నావైపు చూశాడు. నేను పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడితే బాగుండేది. ఒక్కసారి గట్టిగా అరిచి, అబద్ధం బావా, నీ అబద్ధం అని ఉంటే నేను బయటపడి ఉండేవాణ్ణేమో. అతను అరవలేదు. తల దించి తన కుడికాలి వైపు చూసుకున్నాడు. ఏదో కొత్త వస్తువుని చూసినట్టు చాలాసేపు చూశాడు.

"నువ్వే సూసి నేదన్నాక ఇంకేటుంది బావా," అన్నాడు నాతో. "నా కాలే ఎనకబడిపోనాదేటో."

అక్కడితో తీర్పు అయిపోయింది. సూరమ్మ వైద్యం నాయుడుబావు చూసుకున్నారు. దాలయ్యని పనిలోంచి తీసెయ్యలేదు కూడా. ఆయన అంతటి మనిషి. మళ్లీ తాళాలిచ్చారు. దాలయ్యే తీసుకోలేదు. తాగి నడిపాడని ఊళ్లో కొందరన్నారు, నిద్రపోయాడని కొందరన్నారు. వాటికి అతను జవాబు చెప్పగలడు, తాగలేదనీ నిద్రపోలేదనీ అతనికి తెలుసు. కాని తన కాలు ఎప్పుడు తొక్కిందో తనకే తెలియకుండా పోయింది. అది నేను తీసుకున్నాను. ఉద్యోగం తీసుకుంటే ఇంకొకటి దొరికేది. మనిషి దగ్గర్నుంచి తన కాలి మీద తనకున్న నమ్మకాన్ని తీసుకుంటే ఎక్కడ దొరుకుతుంది? లైసెన్సుని పెట్టె అడుగున పడేసి, మా తీరం వాళ్లు చాలామంది వెళ్లినట్టే, గుజరాత్ వెళ్లిపోయాడు, పరాయి పడవల మీద కూలికి. సముద్రం వద్దనుకుని స్టీరింగు పట్టిన మనిషి మళ్లీ సముద్రం మీదికే పోయాడు.

నేను ఎవరినీ తప్పు పట్టలేదు కదా అని చాలా ఏళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. దాలయ్యది తప్పని నా నోటితో అన్నానా? అనలేదు. బండిలో లోపం కనబడలేదన్నాను. అప్పటికి కనబడ్డంలేదు మరి, బాగుచేశాను కాబట్టి. ఎంత చక్కగా అతికిన మాటో చూడండి. నా జన్మలో రివెట్లు లేకుండా నిలబడింది ఆ మాటొక్కటే.

సూరమ్మ చెయ్యి కట్టు విప్పాక మళ్లీ గేటు దగ్గరే కూర్చుంది. రోజూ వెళ్లి వేరుశనగకాయలు కొనేవాణ్ణి. నాకు అవి పడవు. కొని, నాలుగడుగులు వేసి, మేకలకి పోసేవాణ్ణి. ఆమె వంకర చేత్తో పొట్లం కట్టడానికి తంటాలు పడుతుంటే నిలబడి చూసేవాణ్ణి. దాన్ని శిక్ష అనుకున్నాను. వేరుశనగకాయలు కొనడం శిక్షేమిటి? అడుసు తొక్కినవాడు కాలు కడుక్కోవాలి గాని, బురద పక్కన రోజూ షికారు చేస్తే ఏం లాభం?

కొన్నేళ్లకి నాయుడుబావు పోయారు. ఉద్దానంలో చాలామందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. మంచంలో ఉండగా చూడ్డానికి వెళ్లాను. చెబుదామనే వెళ్లాను, నన్ను నమ్మండి. వెళ్లి కూర్చున్నాను. ఆయన బండి గురించి అడిగారు. బాగుంది బావూ అన్నాను. నీ చేతిలో ఉన్నంతకాలం దానికేం భయం లేదన్నారు. చెప్పకుండానే లేచి వచ్చేశాను.

ఆయన కొడుకు బండిని భువనేశ్వర్‌లో పాత బళ్లు దాచుకునే ఒకాయనకి ఇచ్చేశాడు. ఆయన బండి తీసుకెళ్లడానికి వచ్చిన రోజున నన్నూ పిలిచారు. చెక్కపెట్టె తెరిచి, ఒక్కొక్క పొట్లం విప్పి, అట్టముక్కలు చదువుతూ ఆయన మురిసిపోయాడు. ఎన్నో బళ్లు కొన్నాను గాని, తీసిన ప్రతి ముక్కా తిరిగిచ్చిన మెకానిక్కుని ఎక్కడా చూడలేదని, వచ్చీరాని తెలుగులో చెప్పి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు సరిగ్గా నా మణికట్టు మచ్చ మీద ఉంది. అక్కడున్నవాళ్లందరూ నన్ను చూసి గర్వంగా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి డబ్బా తీసి ముక్కల్ని కాసేపు చూసి మళ్లీ మూసేశాను.

ఇంతవరకు ఎలాగో మోశాను. చివరిది మోయలేకపోయాను.

హైవేని నాలుగు వరసలు చేస్తూ ఎక్కడికక్కడ తవ్వేసిన రోజులు. కళ్లు చూపించుకోవడానికి పలాసలో టెక్కలి బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటులో జుట్టు నెరిసిన మనిషి జరిగి చోటిచ్చాడు. దాలయ్య. గుజరాత్ నుంచి వచ్చేసి ఏడాదైందట, ఒంట్లో సత్తువ లేక. ఇప్పుడు ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. చిక్కిపోయాడు గాని నవ్వు అదే. నా పిల్లల గురించి అడిగాడు. షెడ్డు గురించి అడిగాడు. నౌపడ రోడ్డు దాటాక, నేను ఏమీ అడక్కుండానే, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"ఆ రోజు అందరూ నన్నో మాటన్నారు బావా. నువ్వొక్కడివే అన్నేదు. బండిలో లోపం నేదన్నావు గాని, దాలయ్యది తప్పని అన్నేదు. అది నాను మరిసిపోనేదు."

నేను తల దించుకున్నాను. తల దించుకుంటే అతని కాళ్లు కనబడ్డాయి.

రోడ్డు తవ్వేసి ఉంది కాబట్టి బస్సు అడుగడుక్కీ ఆగుతోంది. దాలయ్య నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, అతనికి తెలియడం లేదు, కాని అతని కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి బస్సు నేలని తొక్కుతోంది. ముందు లారీ కనబడితే తొక్కుతోంది. మలుపొస్తే తొక్కుతోంది. మెత్తగా, రెండు విడతలుగా. ప్రతిసారీ బస్సు డ్రైవరు కంటే ముందే. ఒక్కసారి కూడా వెనకబడలేదు. టెక్కలి వచ్చేదాకా ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉందని దాలయ్య నా చెయ్యి పట్టుకుని దించాడు.

అతను ఇంకా ఉన్నాడు. సముద్రం ఒడ్డునే, నా ఇంటి నుంచి ఆటోలో గంట కూడా పట్టదు. వెళ్లలేదు. ఇది రాసి మీకు చెబితే అతనికి చెప్పినట్టు కాదని నాకు తెలుసు. మీరు నన్ను క్షమించినా ఆ కాలికి ఏమీ తెలియదు. క్షమించమని అడగడం లేదు కూడా. రేపు డబ్బా పేపర్లో చుట్టి, మా షెడ్డు ఆచారం ప్రకారం చేతిలో పెట్టి వస్తానని రాయాలని ఉంది. కాని ఈ కాగితం మీద ఇంకో అబద్ధం వద్దు. వెళతానో లేదో తెలియదు. ఒక్కటి మాత్రం ఇన్నేళ్లకి, మొదటిసారి, ఏ అతుకూ లేకుండా చెబుతున్నాను.

దాలయ్య కాలు వెనకబడలేదు. ఆ రోజు కూడా సమయానికే తొక్కింది. ఎడమ చక్రం లైనరుకి నేను రివెట్లు కొట్టలేదు.